ఒకే సీసాలో ఇమడని కాల్షియం, ఫాస్ఫరస్

ఆ ఉదయం మా శాంతి కాలు కింద పెట్టనంది. అంతకు ముందు రోజు వరకు సీసా స్టాండు పట్టుకుని వార్డు వరండా చివరిదాకా నడిచిన పిల్ల. “మోకాలి కింద నొప్పి నాన్నా” అంది. నర్సు మారాం అంది. పిల్ల ముఖం చూస్తే నాకలా అనిపించలేదు.

శాంతికి అప్పుడు ఏడేళ్లు. మాది ప్రత్తిపాడు దగ్గర పల్లె. పేగు మెలిపడి నల్లబడితే గుంటూరులో ఆపరేషన్ చేసి, చాలా భాగం తీసేశారు. మిగిలిన పేగుకు తిండి ఇమడక మద్రాసు తీసుకువెళ్లాం. అక్కడ ఛాతీలోని పెద్ద నరంలోకి ట్యూబు వేసి, సీసాలతోనే ఆహారం ఎక్కించారు. నెలలు గడిచాయి. బుగ్గలు నిండాయి. గండం గడిచిందనుకున్నాం. అప్పుడొచ్చింది ఈ కాలినొప్పి.

ఎక్స్‌రే చూసిన డాక్టరుగారు నెల్లూరు మనిషి. “ఎముకలు పలచబడ్డాయండి. ఎముక దెబ్బతింటే రక్తంలో పెరిగే ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ కూడా పెరిగింది. సీసా ఆహారం మీద చాలాకాలం ఉన్నవాళ్లలో ఇది కనబడుతోంది” అన్నారు.

“ఎందుకొస్తుందండీ?”

“కచ్చితంగా తెలియదు.”

నాస్తిక సభలు పెట్టి, దేవుడి లీల అన్నవాళ్లతో ఊరూరా వాదించినవాణ్ణి. తెలియదు అన్న మనిషితో ఏం వాదించను?

మా అమ్మ రోజూ సాయంత్రం నువ్వుల నూనెతో పిల్ల కాళ్లు, వీపు రుద్దేది. ఒకరోజు బరువు తూయడానికి నర్సు చంకల కింద చేతులు వేసి ఎత్తగానే శాంతి కేక పెట్టింది. పక్కటెముక విరిగింది. ట్రంక్‌కాల్ అందుకుని పర్చూరు నుంచి నా బావమరిది రాఘవులు వచ్చాడు. పత్తి రైతు, నోరు పెద్దది.

“పిల్లనేమన్నా గేదె దూడనుకున్నావా అత్తయ్యా, అట్లా రుద్దుతావు?”

“మీ అక్కకి పురుడు పోసిందీ, ఈ పిల్లని పసిగుడ్డప్పుడు రుద్దిందీ నేనేరా. అప్పుడు విరగలేదే” అని అమ్మ నూనె సీసాను మంచం కిందికి నెట్టేసింది. ఆ తర్వాత పిల్లను ముట్టుకోలేదు.

“నూనె వల్లేనని రుజువేమిటి?” అని రాఘవుల్ని అడిగాను.

“మరి దేనివల్లో నువ్వు చెప్పు బావా. మీటింగుల్లో అన్నీ చెబుతావుగా.”

ఇద్దరం వెళ్లి డాక్టరుగారినే అడిగాం.

డాక్టరుగారు చెప్పారు. “నూనె కాదండి. గౌను మార్చినా విరిగేదే. ఎముకకు కాల్షియం, ఫాస్ఫరస్ రెండూ కావాలి. ఒకే సీసాలో రెండూ ఎక్కువ కలిపితే తెల్లగా గడ్డకడతాయి. అది నరంలోకి పోతే ప్రాణానికే ముప్పు. అందుకని తక్కువే వేస్తున్నాం. అందులోనూ కొంత మూత్రంలో పోతోంది.”

“మన పత్తి మందులే బావా” అన్నాడు రాఘవులు. “రెండు డబ్బాలు ఒకే డ్రమ్ములో పోస్తే ముద్దలు కట్టవూ?”

నాకు కాస్త వెలుగు కనబడింది. అంతలో డాక్టరుగారే విటమిన్ డి ఆపి చూద్దామన్నారు.

“ఎముకకు కావలసిందే అది కదండీ?”

“అవును. కానీ ఇలాంటి పేషెంట్లలో కొందరికి ఆపితేనే మేలు జరిగింది.”

ఎముకలు పలచబడ్డాయని మొదట దాన్ని పెంచారు, ఇప్పుడు ఆపారు. ఏది మందో, ఏది కారణమో నాకు అంతుపట్టలేదు. ఆ తర్వాత నోటితో తిండి గంజి చెంచాలతో మొదలుపెట్టారు. రెండుసార్లు విరేచనాలు పట్టుకుని మళ్లీ సీసాలకే వచ్చాం. మెల్లగా పేగు అలవాటు పడింది, సీసాలు తగ్గాయి, కాలినొప్పీ తగ్గింది. ఒక సాయంత్రం శాంతే అడిగింది. “నాయనమ్మా, కాళ్లకి రాయవా?”

అమ్మ డాక్టరుగారి వైపు చూసింది.

“నొక్కకుండా రాయండమ్మా” అన్నారాయన.

ఇప్పుడు ట్యూబు లేదు. శాంతి బడికి నడిచి వెళ్తుంది. తోటివాళ్లకన్నా పొట్టి. మిరప కల్లంలో కాయలు తిరగేస్తానని పేచీ పెడుతుంది. నయమైంది దేనివల్ల అంటే అమ్మ నూనె అంటుంది, సీసాలు మానడమేనని రాఘవులు డ్రమ్ము సంగతి చెబుతాడు. నేను మాత్రం తెలియదు అంటాను. ఆ మాట నా నోట తేలిగ్గా రాదు.

మీ బిడ్డ కూడా ఇలా సీసా ఆహారం మీద ఉంటే, చంకలు పట్టి ఎత్తనివ్వకండి. ఒక చెయ్యి వీపు కింద, ఒక చెయ్యి తుంటి కింద వేసి ఎత్తమని ప్రతి నర్సుకూ, ప్రతి చుట్టానికీ చెప్పండి. అప్పటికీ విరిగితే, ఎవరి చేతిలో విరిగిందని అడక్కండి. మా అమ్మ ఇప్పటికీ శాంతి భుజం మీద చెయ్యి వేసేముందు ఒక్క క్షణం ఆగుతుంది.