తెలుగులో వెళ్లని కబురు

ఏళ్ల తరబడి ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. హాయిగానే బతుకుతున్నాను, తిండికీ నిద్రకీ లోటు లేదు. అయినా మీకొక్కరికైనా చెప్పుకోవాలి.

జగదల్‌పూర్‌లో చిన్న ఆఫీసు మాది. వైద్య శిబిరాల కబుర్లు ఫోన్లకు పంపే యాప్ తయారుచేసేవాళ్లం, హిందీలోనూ తెలుగులోనూ. తెలుగు వాక్యాలు రాసి పంపేది భోపాల్‌పట్నం రాజేశ్వరక్క. వాటిని యాప్‌లో చేర్చడం, సరిగ్గా వస్తున్నాయో లేదో చూసే టెస్టులు రాయడం నా పని.

శిబిరం వాయిదా పడిందని చెప్పే వాక్యం చేర్చడం మరిచాను. తెలుగు దొరక్కపోతే యాప్ హిందీ చూపిస్తుంది. నా టెస్టు కబురు వచ్చిందా లేదా అని మాత్రమే చూసింది, ఏ భాషలో అని చూడలేదు. పాసైంది. తెర మీద నేనూ చదివాను. కిరండూల్‌లో పుట్టి పెరిగినవాణ్ణి. ఇంట్లో తెలుగు, గుమ్మం దాటితే హిందీ. చదివింది ఏ భాషో గమనించనే లేదు. అర్థమైంది కదా, చాలనుకున్నాను.

హిందీ చదవడం రాని ఒక తల్లి, జబ్బుపడ్డ బిడ్డను చంకనేసుకుని ఎండలో నడిచొచ్చి, శిబిరం జరగాల్సిన చోట తాళం చూసి వెనక్కి వెళ్లింది. బిడ్డ కోలుకుంది, దేవుడి దయ. మా సార్ మాత్రం అక్క మీద విరుచుకుపడ్డారు. అప్పటికే నా తప్పు నాకు కనబడింది. దొంగకు తేలు కుట్టినట్టు ఊరుకున్నాను. అక్క ఫోన్ చేసింది.

"ఏంది తమ్మీ, ఆ ముక్క నేను పంపలేదంటున్నరు. నువ్వు చూసినవా?"

"గుర్తులేదక్కా."

"అయితే నేనే మరిచిన్నేమో లే. వయసైతాంది గదా."

గుర్తులేకపోవడమేమిటి? ఆమె పంపిన వాక్యం నా కళ్లెదుటే ఉంది. ఉద్యోగం పోతుందని భయమా? పోయేది కాదు, ఆ సంగతి నాకూ తెలుసు. చెడ్డపేరు ఒక్కపూట కూడా భరించలేని పిరికితనం, అంతే.

చప్పుడు చేయకుండా వాక్యం చేర్చాను. టెస్టు ఇప్పుడు భాష కూడా చూస్తుంది. పని బాగుందని మెచ్చుకున్నారు, సిగ్గులేకుండా సంతోషించాను. అక్క ఇప్పటికీ మాకు రాస్తోంది, నన్ను సొంత తమ్ముడిలా చూస్తుంది. కానీ ఏది పంపినా వెంటనే ఫోన్ చేస్తుంది, నిజంగా పంపిందో లేదో ఒకసారి చూడమని. తన జ్ఞాపకం మీద ఆమెకున్న నమ్మకాన్ని నేనే పాడుచేశాను.

ఆమెకింకా చెప్పలేదు. క్షమించమని మిమ్మల్నీ అడగను. రాజేశ్వరక్క ఆ వాక్యం పంపింది. మరిచింది నేను.

హమ్మయ్య, అనేశాను.