తిట్ల దగ్గర ఖాళీలు

సినిమాలకు తెలుగు సబ్‌టైటిళ్లు రాసే పనికి దరఖాస్తు పెట్టుకుంటే, పరీక్షగా ఒక బ్రిటిష్ పోలీసు సినిమాలోంచి పది నిమిషాల ముక్క పంపారు. శుక్రవారం సాయంత్రం ఆరింటికల్లా తెలుగు చేసి పంపాలి. నచ్చితే సినిమా మొత్తం నాకే ఇస్తారు. ఇంగ్లీషు చదివి, గరివిడిలో నాలుగేళ్లుగా ట్యూషన్లు చెప్పుకుంటున్న నాకు, ఆ చదువు మొదటిసారి నా వైపు తిరిగి చూసినట్టనిపించింది.

ఎప్పుడో టీవీలో వచ్చిన సీరియల్‌ని సినిమా చేశారట. లండన్‌లో మఫ్టీ పోలీసుల దళం. వాళ్ల ఇన్‌స్పెక్టరు దొంగల కన్నా మొరటుగా తిరుగుతాడు. తలుపులు కాలితో తెరుస్తాడు, నోరు మాత్రం దేనితోనూ మూయడు. ఆ నోట్లో ఒకే ఒక్క తిట్టు నామవాచకం, క్రియ, విశేషణం, ఒక్కోసారి కామా కూడా.

మిగతాదంతా బుధవారమే అయిపోయింది. తిట్ల దగ్గరే ఆగిపోయాను. తెర మీద ఒకటిన్నర సెకను ఉండే మాట, చదవగానే తగలాలి. తెలుగులో తిట్లకు కరువా? మా వీధి కుళాయి దగ్గర పొద్దున్నే నిఘంటువు దొరుకుతుంది. అయితే అందులో సగం ఎవరి తల్లి మీదుగానో పోతాయి, మిగతా సగం చేతిలో బిందె లేకపోతే అతకవు. రాయడం, చెరపడం. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నా నోరు మంచిదై ఉద్యోగం చెడేలా ఉంది.

శుక్రవారం మధ్యాహ్నానికి తిట్టున్న ప్రతిచోటా చుక్కలే మిగిలాయి. నాన్నను అడగక తప్పలేదు. హెడ్ కానిస్టేబుల్‌గా రిటైరయ్యాడు. సర్వీసులో సగం స్టేషన్ రైటరు, అంటే ఫిర్యాదులూ పంచనామాలూ రాసే మనిషి. మా ఇంట్లో రైటరంటే ఇప్పటికీ ఆయనే, నేను ఏదో రాసుకునేదాన్ని. ఇప్పుడాయన మా బాప్టిస్టు సంఘంలో పెద్ద.

"నాన్నా, దొంగని పట్టినప్పుడు స్టేషన్లో ఏటని తిట్టీవోడివి?"

"నేనా? బాబూ రా, కూకో అనీవోడిని."

వంటింట్లోంచి అమ్మ నవ్వింది. "అవునే, టీ కూడా ఇచ్చీవోరు."

"నువ్వూరుకోయే. ఒసే పాపా, సీరియల్ని సినిమా సేసేరన్నావు కదా? మన కాడ సినిమానే సీరియల్లాగ సాగదీస్తారు. ఆళ్లు నయం."

మాట దాటేయడంలో ఆయన దిట్ట.

"నాన్నా, ఆరింటికి పంపాల. ఒక్క తిట్టు సెప్పు."

"ఇంకో గంటలో మనింట్లో స్త్రీల కూడిక. పాస్టరమ్మగారొస్తన్నారు. ఇప్పుడా తిట్లు?"

ల్యాప్‌టాప్ లోపలి గదిలో ఆయన ముందు పెట్టి, "పోనీ, పోలీసు మాటలు సరిగ్గున్నాయో లేదో సూడు" అని, అమ్మ పిలుస్తుంటే కుర్చీలు వేయడానికి వెళ్లాను. పాటలు, సాక్ష్యాలు, టీలు. పాస్టరమ్మగారు జిల్లాలో ఉన్న రోగులందరి కోసం ప్రార్థించారు. నా కోసం నేను కళ్లు మూసుకుని గడియారం ఊహించుకున్నాను. ఆరుకు ఐదు నిమిషాలుందనగా లోపలికి పరుగెత్తితే, చుక్కల్లేవు. ఖాళీలన్నీ నిండి ఉన్నాయి.

"అయిపోయిందమ్మా. పంపీ."

స్టేషన్లకు కంప్యూటర్లొచ్చాక టైపు నేర్చిన చేతులవి. పైనుంచి కిందికి చుక్కలేమైనా మిగిలాయేమోనని చూశానే గానీ, చదవలేదు. పంపేశాను.

సోమవారం రెండు ముక్కల్లో జవాబు వచ్చింది. అనువాదం పోలీసు రికార్డులా ఉందట, పని వేరొకరికి ఇచ్చారట. అప్పుడు ఫైలు తెరిచాను. ఇన్‌స్పెక్టరు దొంగ పీక పట్టుకుని గోడకు అదిమి, మొహంలో మొహం పెట్టి అరుస్తుంటాడు. కింద నాన్న రాత: "సదరు దొంగను రాయరాని మాటలతో దూషించడమైనది." ప్రతి ఖాళీలోనూ అదే వాక్యం. తలుపు తన్ని, కాలివేలు నొప్పెట్టి అతను ఒంటరిగా గొణుక్కునే చోట, "సదరు తలుపును."

"పోయింది నాన్నా," అని చూపించాను.

తాపీగా చదివాడు. "ఇందులో తప్పేటుంది? ఆడు తిట్టేడా నేదా?"

"తిట్టేడు."

"మరదే కదా రాసేను. సర్వీసంతా ఇలాగే రాసేం. తిట్టుని తిట్టులాగ రాస్తే కాయితం పాడవుతాది. ఏ జడ్జీ తిరగ్గొట్టలేదు."

ఆయన మీద కోపం తెచ్చుకుందామని చాలా ప్రయత్నించాను. కానీ ఖాళీలు వదిలింది నేను. చదవకుండా పంపిందీ నేనే. ఇంకో అవకాశం ఇమ్మని మెయిల్ పెట్టాను. జవాబు లేదు.

రెండు నెలలకు సినిమా ఫోన్లోకి వచ్చింది, తెలుగు సబ్‌టైటిళ్లతో. ఒక ఆదివారం మధ్యాహ్నం, చర్చి నుంచి వచ్చాక, నాన్నా నేనూ కూర్చుని చూశాం. నా పది నిమిషాలు వచ్చాయి. దొంగ పీక, గోడ, అరుపు. కింద: "వెధవ." తలుపు, కాలివేలు. "వెధవ." కారులో, మెట్ల మీద, చివరికి పై అధికారితో కూడా "వెధవ." రాసినవాళ్లెవరో ఏ తిట్టు దగ్గరా క్షణం ఆగినట్టు లేదు. నాకు ఒళ్లు మండిపోయింది. ఆ మాట నాకు బుధవారమే తట్టింది. చాలదని నేనే చెరిపేశాను.

నాన్న కళ్లజోడు పైకి తోసుకుని తెరకు దగ్గరగా వంగాడు.

"వెధవా? ఇదొక తిట్టేటి? మా నాన్న నన్ను అన్నానికి ఇలాగే పిలిసీవోడు."