పసుపు యార్డు ఆట ఎవరిది

పదకొండేళ్లుగా ఒక శాలువా నా బీరువాలో ఉంది. ఒక్కసారీ కప్పుకోలేదు. అది నాది కాదు. ఈ మాట ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు, మీకే చెబుతున్నాను.

అప్పుడు బోధన్ దగ్గర ఒక ఉన్నత పాఠశాలలో ఇంగ్లిష్ చెప్పేదాన్ని. నా క్లాసంటే నేను చదవడం, పిల్లలు రాసుకోవడం. ఒకరోజు స్టాఫ్ రూం నుంచి ఆలస్యంగా వస్తుంటే తొమ్మిదో తరగతిలో ఒకటే గోల. కిటికీలోంచి చూశాను. బెంచీలు జరిపేసి, స్కూలు బ్యాగులను బస్తాల్లా పేర్చి, నిజామాబాద్ పసుపు మార్కెట్ యార్డు పెట్టేశారు. వేలం మొత్తం ఇంగ్లిష్‌లోనే. సరుకును మెచ్చుకుంటూనో వంక పెడుతూనో ఎవరు పెద్ద వాక్యం చెబితే బస్తా వాళ్లది. ఏడాదంతా నా ముందు నోరు విప్పని వాళ్లు ఒకరి మీద ఒకరు పడి మాట్లాడుతున్నారు. అన్నీ తప్పులే, అయినా ఎంత ధీమాగా చెబుతున్నారో. ఊచలు పట్టుకుని నవ్వు ఆపుకోలేకపోయాను. ఆ సంతోషం మాత్రం అబద్ధం కాదు.

మరి లోపలికి వెళ్లి ఏం చేశాను? ఆట పెట్టిన రమను, గోల చేసిందని పీరియడంతా నిలబెట్టాను. నెల తిరక్కుండానే జిల్లా టీచర్ల శిక్షణలో అదే ఆటను నా సొంతమన్నట్టు చేసి చూపించి శాలువా కప్పించుకున్నాను. ఆమె పేరు చెప్పడానికి ఎంతసేపు పట్టేది? మరిచిపోయానని ఎన్నోసార్లు నాకు నేనే సర్దిచెప్పుకున్నాను గానీ, నిజానికి తోటి టీచర్లు చప్పట్లు కొడుతుంటే ఆ చప్పుడు తియ్యగా ఉంది, అంతే.

తమాషా ఏమిటంటే ఆ ఆట నన్నే మార్చేసింది. ఆ తర్వాత నా క్లాసులో బెంచీలు ఎప్పుడూ తిన్నగా లేవు.

పోయిన వారం కొత్త టీచర్ల శిక్షణలో అదే ఆట ఆడించాను. ముందు వరసలో రమ. ఇప్పుడు తనూ ఇంగ్లిష్ టీచరే. అందరికన్నా పెద్ద వాక్యం ఆమెదే. టీ తాగేటప్పుడు నవ్వుతూ నా దగ్గరికి వచ్చింది.

"మేడం, గప్పుడు గీ ఆట ఆడినమని నన్ను నిలవెట్టిండ్రు. యాదికున్నదా?"

"యాదికి లేదు బిడ్డా," అన్నాను.

"పోనీ తియ్యుండ్రి. మా బడిపిల్లలతోని గూడ గిదే ఆడిపిస్తున్న. మా మేడం ఆట అని చెప్తున్న."

ఆమె ముఖంలో ఎగతాళి లేదు. ఉండి ఉంటే నాకు కాస్త తేలికయ్యేది.

రమా, నాకు గుర్తుంది. నువ్వు నిలబడ్డ చోటు కూడా గుర్తుంది, మూడో బెంచీ పక్కన. ఆట నీది. నువ్వు క్షమిస్తావో లేదో తెలియదు. కానీ ఈ రెండు ముక్కలు రాశాక, ఆ రోజు కిటికీ దగ్గర నవ్విన నవ్వు ఇన్నేళ్లకు మళ్లీ వచ్చింది.