బావిలో మేకపిల్ల

తెలంగాణ వచ్చిన మరుసటి ఏడాది నన్ను నల్గొండలో ఒక దినపత్రిక జిల్లా డెస్క్‌లో సబ్ ఎడిటర్‌గా వేశారు. అక్కడ అందరికంటే చిన్న హోదా అదే. జిల్లా అనుబంధం ఆఖరి పేజీ నా బాధ్యత. ప్రకటనల విభాగం ముందుగా తన చోటు గీసుకుని డమ్మీ, అంటే పేజీ నమూనా, పంపేది. మిగిలిన జాగాలో వార్తలు, అడుగున రోజువారీ బొమ్మల కథ సర్దాలి.

అప్పుడు నడుస్తున్న కథలో ఒక మేకపిల్ల బావిలో పడింది. మరునాటి భాగంలో అది పైకి రావాలి. ఆ రోజే బట్టల దుకాణం ప్రకటన పెద్దదై వచ్చింది. నాకు వారపు సెలవు. డెస్క్ ఇన్‌చార్జి బొమ్మల కథను ఎత్తేశారు. నేను తిరిగి వచ్చి చూస్తే, ఆనాడు వేయాల్సిన భాగంలో మేకపిల్ల గుట్ట మీద గడ్డి మేస్తోంది. బావిలోంచి ఎలా బయటపడిందో ఏ పిల్లకూ తెలియదు.

ఆ బాధ నాకు తెలుసు. మర్రిగూడ దగ్గరి మా ఇంట్లో బాపు మగ్గం నేసేవాడు. చాయ్ హోటల్లో అందరూ చదివేసిన పేపర్లు అడిగి తెచ్చేవాడు. అవ్వ, అంటే మా అమ్మ, వాటిని నూలుకు పెట్టే గంజితో మట్టిగోడకు అంటించేది. ఆమెకు చదువు రాదు కాబట్టి సగం తలకిందులుగా ఉండేవి. నేను మంచం మీద వెల్లకిలా పడుకుని, తల కిందికి వేలాడేసి బొమ్మల కథలు చదివేదాన్ని. ఒక కథ ఆఖరి గడి మీద వేరే కాగితం అంటుకుంది. గోటితో గీకుతుంటే అవ్వ పట్టుకుంది.

"గోడ పీకుతున్నవా పొల్లా? గా కథల ఏమైందో నేను చెప్త రా."

చెప్పింది కూడా, నక్కకు పెండ్లి చేసి మరీ. బాగానే ఉంది. అయినా నేను గీకడం మానలేదు.

అందుకే ఇన్‌చార్జిని అడిగాను, తప్పిపోయిన భాగం, కొత్త భాగం రెండూ వేద్దామని.

"జాగా లేదమ్మా. గా బొమ్మలు ఎవరు జూస్తరు? పిల్లలు చందా కడ్తరా?" అన్నారు.

"పిల్లలున్న ఇంట్ల పేపర్ ఉండాలె అనుకుంటనే చందాలు రాపిచ్చుకున్నం గద సార్. గీ లీడర్ సన్మానం ఫొటో తీస్తే జాగా అయితది."

"తియ్యి. రేపు ఆయన ఫోన్ జేస్తే నువ్వే ఎత్తాలె."

తీశాను. మరునాడు సన్మానం చేయించుకున్న నాయకుడి ఫోన్ వచ్చింది. నేనే ఎత్తాను.

"నా శాలువ ఫొటో యాడికి పాయె?"

"మేకపిల్ల బాయిల ఉండె సార్. ముందుగాల దాన్ని దీసినం."

ఆయన నేరుగా యాజమాన్యానికి ఫిర్యాదు చేశారు. నాకు మెమో, అంటే సంజాయిషీ నోటీసు, ఇచ్చి మార్కెట్ ధరల పేజీకి మార్చారు. సంజాయిషీలో క్షమాపణ మాట రాయలేదు.

కూతురు పుట్టాక ఉద్యోగం మానేశాను. పిల్ల కాస్త దగ్గినా దవాఖానకు పరుగెత్తే పిరికిదాన్ని. ఆ పేజీ మళ్లీ నా చేతికిస్తే మాత్రం అదే చేస్తాను. పేజీలో జాగా లేదంటే, ఎవరిని తీసేయాలో ముందే అనుకున్నారని అర్థం. పిల్లలను తీసేస్తే ఎవరూ ఫోన్ చేయరు, అంతే.