కళ్లు మూసుకుని తిప్పిన కర్ర

మా కుట్టు కంపెనీ బస్సులో నేను ఎప్పుడూ నడవ వైపు సీటే పట్టుకుంటాను. కళ్లు మూసుకుని కర్ర తిప్పుకోవడానికి అక్కడైతే మోచేతికి కాస్త చోటు దొరుకుతుంది. నిజం కర్ర కాదులెండి, మనసులో కర్ర. మనసులో కర్రకు చోటెందుకమ్మా అంటారా? నాకూ అదే అంతుబట్టలేదు. ఒకరోజు కిటికీ పక్క కూర్చుని కుడివైపు తిప్పబోతే, అద్దానికి తగులుతుందేమోనని నా భుజం దానంతటదే ముడుచుకుంది. లేని కర్రకు ఉన్న అద్దం అడ్డం! ఇదేం చోద్యం అనుకున్నాను. అప్పటినుంచే నాకు దీని మీద పిచ్చి పట్టింది.

మా నాయన కర్రసాము గురువు. మాది గోరంట్ల వైపు పల్లె. పీర్ల పండక్కైనా జాతరకైనా ఊరేగింపు ముందు నడిచేది ఆయన కర్రే. చిన్నప్పుడు నాకూ నేర్పాడు. ఆడపిల్లకెందుకప్పా అన్నవాళ్లకు, "కరిసే కుక్కకు ఆడా మగా తెలుస్తాదా?" అని జవాబిచ్చేవాడు. తర్వాత మేనమామ కొడుకునే చేసుకున్నాను, పుట్టిల్లు పక్క వీధే, కానీ కర్ర మాత్రం అటకెక్కింది. నలభై దాటాక దించి చూస్తే కుడి భుజం పట్టేసింది. కుట్టుమిషన్ మీద ఏళ్ల తరబడి వంగినందుకు బహుమానం అది. కొన్ని నెలలు చెయ్యి పైకెత్తొద్దని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది.

నాయన దగ్గరికి పోయి మొత్తుకున్నాను. ఆయనకూ మోకాళ్లు అరిగిపోయి, అరుగు దిగడమే గగనమైపోయింది.

"చెయ్యి లెయ్యకపోతే ఏం? కండ్లు మూసుకో. ఆడ తిప్పు," అన్నాడు.

"యాడ?"

"లోపల. నేను దినామూ తిప్పుతానే ఉండా. నా మోకాళ్లకు ఆ సంగతే తెలీదు."

నవ్వొచ్చింది. కానీ మరుసటి రోజు బస్సులో వేరే పనేముంది కనుక, కళ్లు మూసుకున్నాను. మా నాయన పద్ధతిలో ఏ ఆటైనా మొక్కుతోనే మొదలవ్వాలి. వంగి నేలను తాకి, ఆ చెయ్యి కళ్లకద్దుకుని, అప్పుడు కర్ర ఎత్తాలి. మొక్కకుండా కర్ర ముట్టుకుంటే ఆ పూట ఇక నేర్పేవాడు కాదు. కాబట్టి మనసులోనూ నేలకు మొక్కాను, కర్ర ఎత్తాను. ముగ్గురు మొగోళ్లు వచ్చారు. ముగ్గురూ మర్యాదగా పడిపోయారు.

సాయంత్రం గొప్పగా చెప్పుకున్నాను. నాయన తమలపాకుకు సున్నం రాస్తూ అడిగాడు. "మొదటోడు ఏ కాలు ముందర పెట్టినాడు?"

"కాలా? చూళ్లేదు నాయనా."

"చూడకుండానే కొట్టినావా? అది సాము కాదు, సినిమా."

నా మొహం మాడిపోయింది. ఆయన ఆకు నోట్లో పెట్టుకుని తీరిగ్గా చెప్పాడు. "చెయ్యి అబద్ధం చెప్తాది. మొగమూ చెప్తాది. కాలు చెప్పదు. బరువు ఏ కాలి మీద ఉండాదో చూడు. మనిషి ఆడ దొరుకుతాడు."

అది మొదలు నేను మనుషుల మొహాలు చూడడం మానేశాను. డ్రైవరు దిగేటప్పుడు ఏ కాలు ముందు, మా సూపర్‌వైజరు కోపంలో ఏ కాలి మీద నిలబడతాడు, గొర్రెలు తోలే ఆయన కర్ర మీద ఒరిగినప్పుడు ఖాళీగా వేలాడే కాలేది. ఆఖరికి మా కోడిపెట్టను కూడా వదల్లేదు. అది రెండు కాళ్లూ వాడుకున్నంత పొదుపుగా మనిషి వాడుకోడు. బస్సులో కళ్లు మూసుకుంటే ముందు చెప్పులు వచ్చేవి, ఆ చెప్పుల్లోకి పాదాలు, పాదాల మీదకు మోకాళ్లు. నడుము పైన మనిషి రావడానికి వారాలు పట్టింది.

ఇంకో వింత. మొదట్లో నా కర్రకు చప్పుడుండేది కాదు. అదేం కర్రో అని గింజుకునేదాన్ని. ఒకరోజు ఉన్నట్టుండి గాలిని కోసుకుంటూ చప్పుడు వచ్చింది, దాని వెంటే అరచేతికి చెమటా పట్టింది. పక్క సీటు పిల్ల, మా లైన్‌లో కాలర్లు కుట్టే అమ్మాయి, పగలబడి నవ్వింది. "ఏమక్కా, నిద్దర్లో గూడా కుడతాండావా? కాలు పెడలు తొక్కుతాండాది!"

"అవునమ్మా, ఓవర్‌టైం," అన్నాను.

డాక్టరమ్మ చెయ్యి కదిలించొచ్చు అన్న రోజు, భయం భయంగా కర్ర పట్టుకున్నాను. చిన్నప్పుడు ఎన్ని మొట్టికాయలు తిన్నా నాకు ఎడమచేతి మలుపు వచ్చింది కాదు. ఆ రోజు వచ్చేసింది! దానికి ఎవరు నేర్పారు? బస్సులో కూర్చుని నేర్చుకున్న చెయ్యి నాదేనా? పెరట్లో నిలబడి నా చేతిని నేనే తిప్పి తిప్పి చూసుకున్నాను.

ఇంతకీ ఇదంతా చెబుతున్నది ఒక దారి గురించి. బస్సు నన్ను పెద్ద రోడ్డు మీద దింపుతుంది. అక్కణ్ణుంచి మా ఊరికి వేరుశనగ చేల నడుమ మట్టి బాట, మధ్యలో ఒక కల్వర్టు, దూరంగా గుట్ట మీద గాలిమరలు. రోజంతా మిషన్ల రొద, ఇంటికి పోతే టీవీ రొద. ఆ నడకలోనే నన్నెవరూ పిలవరు. ఆ దారి పోతే నా ఉద్యోగమూ పోతుందని నాకు తెలుసు, ఎందుకంటే మా ఆయన ఎప్పటినుంచో, "ఒక్కదానివి అట్ల నడిచి రావద్దు, మిషనేదో ఇంట్లోనే ఏసుకో," అంటున్నాడు. ఆయనకు సందు దొరికితే చాలు, మాన్పించేస్తాడు.

ఆ సందు దొరకనే దొరికింది. ఒక సాయంత్రం కల్వర్టు దగ్గర బైకు మీద ఒకడు ఎదురొచ్చి ఆగాడు. "అక్కా, ఈ దావ యాడికి పోతాది?" అన్నాడు. వాడి చెయ్యి నా మెడ మీదకు రావడం కనబడింది. ఇన్నాళ్ల సాధనా ఒక్కసారిగా లేచింది. లేచి ఏం చేసిందంటారు? వంగి నేలకు మొక్కింది!

ఒట్టు. దొంగ మీదకొస్తుంటే నేను బుద్ధిగా వంగి, మట్టి తాకి, కళ్లకద్దుకుంటున్నాను. మెడ మీద చురుక్కుమంది. తలెత్తేసరికి గొలుసూ లేదు, బైకూ లేదు. చేతిలో గొడుగు మాత్రం అలాగే ఉంది. వాన మొహం చూడని మా ఊళ్లో ఎండ కోసం మోసే పొడుగు గొడుగది.

ఇంట్లో గొలుసు పోయిందని ఏడ్చాను గానీ మొక్కు సంగతి ఎవరికీ చెప్పలేదు. చెబితే ఊరంతా నవ్వుతుంది. మా ఆయన ఒకటే మాట అన్నాడు. "చాల్లే ఇంక." బతిమాలితే ఆఖరికి, తానే రోజూ బండి మీద రోడ్డు దాకా వచ్చి తీసుకుపోయేటట్టయితేనే పనికి పొమ్మన్నాడు. ఒప్పుకున్నాను. మూట మాదిరి బండి వెనక కూర్చుని ఆ దారిన పోతుంటే నాకు ఒళ్లు మండిపోయేది.

నాయనకు మాత్రం ఉన్నదున్నట్టు చెప్పాను. నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. మెడ మీద గీత చూశాడు, చాలాసేపు తమలపాకు ముట్టుకోలేదు.

"నువ్వు తప్పు చెయ్యలేదు పాపా. నేర్పించింది నేర్పించినట్టే చేసినావు. తప్పు నేర్పించినోడిది."

"మొక్కు తీసేద్దామా నాయనా?"

ఆ మాట ఆయనకు రుచించలేదు. మొక్కు లేని సాము రౌడీతనం అని జీవితమంతా చెప్పిన మనిషి. రెండు రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు. మూడోరోజు తనే పిలిచాడు.

"నేల యాడికీ పోదు. దానికి తొందర ల్యా. ముందర పని కానీ, అయినాక మొక్కు."

వినడానికి తేలికే. చేయబోతే నా లోపలి మనిషి వినదే! బస్సులో కళ్లు మూసుకోగానే అలవాటు పడిన ఎద్దులా వంగేది. అందుకని ఊహనే మార్చాను. అంతవరకూ అక్కడున్న జాతర మైదానం తీసేసి నా మట్టి బాట పెట్టాను. కర్ర బదులు గొడుగు, ఎడమ భుజాన టిఫిన్ బ్యాగు, అరిగిన చెప్పులు, కుచ్చిళ్లకు తగులుకునే పల్లేరుకాయలు, ఎదురెండ, అన్నీ. భయం కూడా పెట్టాను. అది లేకుండా చేస్తే మళ్లీ సినిమానే అవుతుంది. ఎదురొచ్చే బైకు చప్పుడు, మెడ మీద ఆ చురుకు. కొన్ని రోజులు కళ్లు తెరిచేసరికి నిజంగానే వణుకుతూ ఉండేదాన్ని. కాలర్ల పిల్ల ఎగతాళి మానేసి నీళ్ల సీసా అందించేది.

చలికాలం వెళ్లే రోజుల్లో ఒక సాయంత్రం మా ఆయన ఫోన్ చేశాడు. బండి పంక్చరు, బస్టాపులోనే ఉండు, గంటలో వస్తా అన్నాడు. సరే అన్నాను. ఫోన్ పెట్టేసి, గొడుగు తీసుకుని నడిచాను. ఎంత బాగుందో చెప్పలేను. తవ్విన వేరుశనగ చేల వాసన, గాలిమరలు, నా చెప్పుల చప్పుడు.

కల్వర్టు దగ్గర బైకు ఆగింది. వాడో, ఇంకొకడో, మొహం చూస్తే గదా చెప్పడానికి! రుచి మరిగిన పిల్లి. ఈసారి మెడలో పసుపుతాడే ఉంది, అందుకని బ్యాగు మీద పడ్డాడు. నా కళ్లు కిందికే పోయాయి. ఇంజను ఆడుతోంది, కుడిచెయ్యి హ్యాండిలు మీద, ఎడమచెయ్యి నా బ్యాగు పట్టీ మీద. బండి బరువూ వాడి బరువూ కలిసి నేల మీద ఆనిన ఒక్క కాలి మీద ఉన్నాయి. నేను వంగలేదు. గొడుగు ఆ మోకాలి పక్కన పడింది. చప్పుడు నాకు బాగా తెలిసినదే. బైకూ వాడూ కలిసి పక్కకు ఒరిగిపోయారు.

ఊరివైపు పరుగెత్తుతూ గొంతు చించుకుని అరిచాను. చేలో కాయలు ఏరుకుంటున్న ఆడవాళ్లు లేచి కేకలేశారు. వాడు బైకు లేవనెత్తుకుని, కుంటుతూ ఎక్కి, పెద్ద రోడ్డు వైపు పోయాడు. బ్యాగు నా భుజానే ఉంది. అప్పుడు వంగాను. మట్టి తాకి కళ్లకద్దుకున్నాను. ఎంత మట్టి తీశానో, కంట్లో కూడా పడింది.

ఊళ్లోకి పోయేసరికి వార్త నాకంటే ముందే చేరింది. మా ఆయన పంక్చరు బండి వదిలేసి మా నాయన అరుగు దగ్గరే నిలబడి ఉన్నాడు, మొహం పాలిపోయి. "ఉండమంటే ఉండవు గదా! రేపటినుంచి..." అని మొదలుపెట్టాడు. నాయన చెయ్యి ఎత్తి ఆపాడు. నా వైపు చూశాడు.

"ఏ కాలు?"

"ఎడమ కాలు నాయనా."

నాయన తలూపి తమలపాకు అందుకున్నాడు. మా ఆయన మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. రేపటినుంచి ఏమిటో ఆ మాట పూర్తిచేయలేదు. మర్నాడు పొద్దున వంగిపోయిన గొడుగు ఊచను బండి టూల్స్‌తో తనే సరిచేసి, "సాయంత్రం నడిచొస్తావు గదా, ఇది మర్చిపోవద్దు," అని నా చేతికిచ్చాడు.