గంగాలమ్మ లాంతరు

జాలారిపేట ముందు సముద్రంలో రెండు బండల వరసలున్నాయి. వాటి నడుమ రెండు తెప్పలు పక్కపక్కన పట్టేంత దారి. పగలు కొండల్ని చూసి ఆ దారి పోల్చుకుంటారు. చీకటి పడితే గంగాలమ్మ లాంతరే గుర్తు. దారికి సరిగ్గా ఎదురుగా ఇసకలో పాతిన సరుగుడు వాసానికి రోజూ మునిమాపున ఆమె దాన్ని వేలాడదీస్తుంది. కాపురానికొచ్చిన కొత్తలో మామ అప్పగించిన పని అది. ముప్పై ఏళ్లయింది.

మొగుడు పోయిన రోజు కూడా మానలేదు. శవం ఇంట్లో ఉంది. "ఇయ్యాల నాను కడతానప్పా, నువ్వు కూకో" అని పక్కింటి చిట్టమ్మ బతిమాలినా వినలేదు. "సముద్రం మీదున్నోళ్లకి నా మొగుడు పోనాడని తెలుస్తాదేటి?" అని లేచి వెళ్లి, కట్టి వచ్చి, మళ్లీ ఏడవడానికి కూర్చుంది.

ఇక చెప్పేది డెబ్భై ఒకటి డిసెంబరు మాట. ఆ నెల మొదటి శుక్రవారం తెల్లవారకముందే ఆమె ఒక్కగానొక్క కొడుకు ఎల్లాజీ, మేనల్లుడు అర్జునరావు తెప్ప మీద వేటకెళ్లారు. ఒక రాత్రి సముద్రం మీదే ఉండి శనివారం చీకటి పడే వేళకి తిరిగిరావాలి. వాళ్లు వెళ్లాక యుద్ధం మొదలైంది. శుక్రవారం అర్ధరాత్రి సముద్రంలోంచి ఒక పెద్ద మోత వినిపించి పేటంతా బయటికొచ్చి నిలబడింది. అదేమిటో ఎవరికీ తెలియదు. గంగాలమ్మ మాత్రం ఆ మోత ఎంత దూరంలో అయిందో, తన కొడుకు ఎంత దూరం వెళ్లి ఉంటాడో మనసులో కొలుచుకుంటూ తెల్లవార్లూ కూర్చుంది.

పొద్దున్నే చేపల గంపెత్తుకుని మేడలున్న రోడ్డుకెళితే శ్రీరామ్మూర్తి కిటికీలకి నల్లకాగితాలు అంటిస్తూ కనిపించాడు. పద్మనాభం అనే ఊరి దగ్గర రైతుల ఇంటివాడు, పోర్టులో గుమాస్తా. రాత్రిళ్లు దీపాలార్పించే బ్లాకౌట్ వలంటీర్లలో పేరిచ్చాడు. వాళ్లావిడ ఒళ్లో మూడు నెలల పాప చెవుల్లో దూదితో నిద్రపోతోంది.

"రాత్రి మోతకి ఉలిక్కిపడి ఒకటే ఏడుపు గంగాలమ్మా. మళ్లీ ఏం పడుతుందోనని మాకు కన్ను మూతపడలేదు" అన్నాడతను. "ఈ సాయంత్రం నుంచి ఎక్కడా దీపం కనిపించకూడదు. మీ పేటలోనూ చెప్పు."

"మా లాంతరో బాబూ?"

"ఏ దీపమైనా సరే."

గంగాలమ్మ గంప ఖాళీ కాకుండానే ఇంటికొచ్చేసింది. మధ్యాహ్నమంతా ఆలోచించింది. సాయంత్రం పెద్ద మట్టి బానొకటి మోసుకొచ్చి పక్కకి పడుకోబెట్టి, మూతి సముద్రం వైపుండేలా వాసానికి తాళ్లతో బిగించింది. లోపల లాంతరు పెట్టి, వెనక గోనెలు కప్పింది.

"ఓలమ్మా, దీపానికి కాపురం ఎట్టినావేటే!" అంది చిట్టమ్మ.

"ఊరోళ్లకి అవుపడకూడదన్నారు. అవుపడతాందేటి?"

చిట్టమ్మ మిట్ట మీది దాకా వెళ్లి చూసొచ్చింది. కనిపించలేదు. పున్నమి వెళ్లి రెండు రోజులే అయినా మబ్బు కమ్మేసి, ఊరూ కొండా ఒకటే నలుపుగా ఉన్నాయి.

ఏడు గంటలప్పుడు శ్రీరామ్మూర్తి ఆ వైపు వచ్చాడు. మిట్ట మీంచి చూసి, అంతా చీకటేనని సంతోషించి వెనక్కి తిరగబోయాడు. ఇంతలో అలల నురగ మీద పసుపుపచ్చటి మెరుపు కదలడం కంటబడింది. పరుగున దిగాడు.

"ఏమిటిది గంగాలమ్మా?"

"ఊరికి అవుపడదు బాబూ. ఇటేపంతా మూసేసినాను."

"ఊరివాళ్ల కోసం కాదమ్మా ఆర్పమన్నది! శత్రువుల ఓడ వస్తే సముద్రం వైపు నుంచే వస్తుంది. ఇంత చీకట్లో ఈపాటి దీపం మైళ్ల దూరానికి కనిపిస్తుంది. ఊరెక్కడుందో నువ్వే చూపిస్తున్నావు."

గంగాలమ్మ బాన వైపు, సముద్రం వైపు మార్చి మార్చి చూసింది.

"నా కొడుకూ అటేపు నుంచే వత్తాడు బాబూ. ఆడికి యుద్ధమని కూడా తెల్దు. దీపం నేకపోతే బండల మీదకి ఎల్లిపోతాడు."

శ్రీరామ్మూర్తి చెయ్యి చాపి లాంతరు తియ్యబోయి మళ్లీ వెనక్కి తీసుకున్నాడు. "మా పాప ఆ మేడ మీదే పడుకునుంది" అన్నాడు చివరికి, చిన్న గొంతుతో.

దూది పెట్టిన చెవులు గంగాలమ్మకి గుర్తొచ్చాయి. తర్వాత తనే బానలోకి వంగి, వత్తి తగ్గించి, ఉఫ్ మని ఊదింది.

అతను వెళ్లిపోలేదు. తెల్లవారేదాకా ఆమెకి నాలుగు బారల దూరంలో ఇసకలోనే కూర్చున్నాడు.

వెలుగు రేకలు వస్తుంటే బండల అవతల తెప్ప కనిపించింది. దారి తప్పకుండా నడిమధ్యగా వచ్చింది. ఒడ్డుకి తగలకముందే ఎల్లాజీ నీళ్లలోకి దూకి పరిగెత్తుకొచ్చాడు. తల్లి భుజాలు పట్టుకుని ఊపేశాడు.

"బతికే ఉన్నావేటే! బతికే ఉంటే దీపమెందుకు ఆరిపోనాదే!"

"ఏటిరా నీ గోల?"

"దీపం సూసుకునే తెడ్డేత్తన్నాం. ఇంకాసేపట్లో వచ్చేద్దుం. టక్కున ఆరిపోనాది. అయ్య సచ్చిపోయిన నాడు కూడా ఆర్పనేదు నువ్వు. మాయమ్మ పోనాదనుకున్నాను."

"లంగరు రాయి ఏసీసి అక్కడే ఉండిపోనాం అత్తా" అన్నాడు వెనకనుంచి అర్జునరావు. "నీ కొడుకు రాత్రంతా ఏడ్సి ఏడ్సి సముద్రానికి పోటెక్కించేసినాడు. తెల్లారీసరికి తెప్ప బెత్తెడు పైకి లేసింది."

"నోర్ముయ్ బావా" అన్నాడు ఎల్లాజీ, కళ్లు తుడుచుకుంటూ.

గంగాలమ్మకి నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. ఇన్నేళ్లూ ఆ దీపం దారి చూపిస్తోందనే అనుకుంది. తాను ఉన్నట్టు కూడా అదే చెబుతోందని ఆమెకెప్పుడూ తట్టలేదు.

యుద్ధం జరిగినన్నాళ్లూ బాన ఖాళీగానే ఉంది. వేటకెళ్లినా దూరం పోవద్దనీ పొద్దుండగానే తిరిగి రావాలనీ చెప్పారు. తెరచాపకి గాలి ఆగిపోతే ఆలస్యం తప్పేది కాదు. అందుకని మసక చీకటి పడగానే గంగాలమ్మ వచ్చి వాసానికి ఆనుకుని నిలబడేది. బండల అవతలనుంచి "గంగాలమ్మా!" అని కేక వినిపిస్తే, గాలి ఒడ్డునుంచి సముద్రం మీదకి వీచే అదను చూసి, గొంతెత్తి బదులిచ్చేది.

"ఉన్నానురా, రండి!"

ఆ గొంతుకి సూటిగా తెప్ప తిప్పుకుని వచ్చేవారు. యుద్ధం అయిపోయి లాంతరు మళ్లీ వాసానికెక్కాక కేక వేయాల్సిన పని లేదు. అయినా దీపం అంత దూరాన్నుంచే కళ్లెదురుగా కనిపిస్తున్నా, బండల దగ్గరికి రాగానే ఎల్లాజీ ఒకసారి కేకేసేవాడు. ఆమె బదులిచ్చాకే తెడ్డు వేసేవాడు.