తెప్పలో నీళ్ళు

ఈ ఉదయం కాఫీ గ్లాసు పక్కన పెట్టుకుని ఫోను తెరిస్తే, దూరపు చుట్టాలమ్మాయి ఒకతె ఒక కథ పంపింది. ఎవరో చక్కని గొంతుతో చదివిన పిల్లల కథ అది, వెనక సన్నగా వీణ మోగుతోంది, కింద మన అత్త రాసిన ఆణిముత్యమనీ పిల్లలకు తప్పక వినిపించమనీ రాసి ఉంది. ఇలాంటివి రోజుకు పది వస్తాయి, సగం వినకుండానే తీసేస్తాను, కాని దీని రెండో వాక్యం దగ్గరే నా చెయ్యి ఆగిపోయింది. కాఫీ చల్లారిపోతున్నా చివరికంటా విన్నాను. సముద్రంలో తప్పిపోయిన తండ్రి ఆఖరున తెప్ప మీద ఇంటికి తిరిగొస్తూ, తెప్పలో చేరిన నీళ్ళను కొబ్బరి చిప్పతో తోడి పోస్తుంటాడు. ఆ ముగింపు అత్త రాసింది కాదు, నేను రాశాను. ఒకప్పుడు ఆ సంగతి నలుగురికీ తెలిసిపోతుందేమోనని మూడు వారాలు అన్నం సహించక తిరిగినదాన్ని, ఇవాళ ఫోను పట్టుకుని ఒక్కదాన్నే నవ్వుకున్నాను.

అత్త ఎవరో నా ఈడు వాళ్ళకు చెప్పనక్కరలేదు గాని, తెలియని వాళ్ళ కోసం చెబుతాను. మా చిన్నప్పుడు నెలకొకసారి వచ్చే ఒక పిల్లల పత్రికలో, అసలు పేరు లేకుండా 'అత్త' అన్న సంతకంతో ఒకావిడ కథలు రాసేది. ప్రతి కథా "ఒరే అల్లుడూ, ఒసే కోడలా" అన్న పిలుపుతో మొదలయ్యేది, అందుచేత చదివే ప్రతి పిల్లా ఆమె తన సొంత మేనత్తేననుకునేది. పుస్తకాల్లో ఎక్కడెక్కడి రాజకుమారులో తిరిగే ఆ రోజుల్లో, ఆమె కథల్లో మా సముద్రం, మా జీడితోటలు, మా సంతలు ఉండేవి. తర్వాత పత్రిక ఆగిపోయింది, అత్త ఏమైందో ఎవరికీ తెలియలేదు, మేము పెద్దవాళ్ళమై, పిల్లల్ని కని, ఆమెను మరిచిపోయామనే అనుకున్నాము.

మరిచిపోలేదని రెండువేల పది దాటిన తొలి రోజుల్లో తేలింది. ప్రాథమిక పాఠశాలలో పాఠాలు చెప్పి చెప్పి విరమించి, విజయనగరంలో ఇంట్లో కూర్చుని, దిద్దడానికి నోటు పుస్తకాలు దొరక్క ఇంట్లోవాళ్ళ తప్పులు దిద్దుతూ అందరికీ విసుగు పుట్టిస్తున్న కాలం అది. ఒక పెళ్ళిలో పక్క విస్తరి ముందు కూర్చున్న విశ్రాంత హెడ్మాస్టరుగారు మాటల్లో అత్త పేరెత్తారు, అంతే, ఇద్దరమూ పెరుగన్నం దాకా ఇంక వేరే మాట మాట్లాడలేదు. అలా ఇద్దరం నలుగురమై, నలుగురం ముప్ఫైమందిమై, అత్త కథల అభిమాన సంఘం పుట్టింది. ఒకే అత్తకు అల్లుళ్ళమూ కోడళ్ళమూ గనక మేమంతా అన్నదమ్ములూ అక్కచెల్లెళ్ళమే అని తీర్మానించుకుని వరసలు పెట్టుకున్నాము. హెడ్మాస్టరుగారు పెద్దన్నయ్య, లారీలు తిప్పే సాలూరు ఆయన సాలూరు తమ్ముడు, శ్రీకాకుళంలో ఎండుచేపల వ్యాపారం చేసే ఆవిడ చిన్నక్క. నా ఆరోగ్యం బాగులేకపోతే సొంత అన్నదమ్ముల కంటే ముందు వీళ్ళే ఫోను చేసేవారు.

మా సంఘం పని ఒక్కటే, అతుకులు వేయడం. పత్రికలో వచ్చే సీరియల్ పేజీలను చించి, వరసగా పేర్చి, దబ్బనంతో కుట్టి, పాత క్యాలెండరు అట్ట మైదా జిగురుతో అంటించి బైండు చేసుకోవడం మన అమ్మల అలవాటు కదా. ఆ బైండుల్లో ఒకదానికి నాలుగో భాగం ఉండదు, ఇంకోదాని మొదటి పేజీలు ఏ బజ్జీల పొట్లమో అయిపోయి ఉంటాయి. ఒకరికి లేనిది ఇంకొకరి బైండులో వెతికి, చేత్తో నకలు రాసి, రెండు నెలలకొకసారి ఎవరో ఒకరింట్లో కలిసినప్పుడు, దొరికించుకున్న మనిషే లేచి ఆ భాగాన్ని పైకి చదవాలి. కథ ముందూ వెనకా సరిగ్గా కలిసిందనిపిస్తే అందరూ ఒక్క గొంతుతో "అతికింది" అనాలి. ముసలీ ముతకా కలిసి అలా అరుస్తుంటే పక్కింటివాళ్ళు గోడ మీంచి తొంగి చూసేవారు.

ఈ విశేషాలన్నీ 'కబురు కాగితం' అన్న పేరుతో రెండు వైపులా రాసి, జెరాక్సు తీయించి పంపడం నా వంతు. సాలూరు కట్ట లారీ డ్రైవరు చేతికిచ్చేవాళ్ళం, శ్రీకాకుళం కట్ట బస్సులో వెళ్ళేది. ఆ కాగితంలో ఆవగింజంత అబద్ధం పడనిచ్చేదాన్ని కాదు. ఫలానా వారింట బైండు దొరికిందట అని ఎవరైనా చెబితే, 'అట'లు నా దగ్గర చెల్లవు, పేజీ చూపించండి అనేదాన్ని. సాలూరు తమ్ముడు నన్ను కోర్టక్క అని ఏడిపించేవాడు.

అటువంటి నేను ఆ పని ఎందుకు చేశానంటే, చిన్నక్క కోసం. చిన్నక్కది సముద్రం మీద బతికిన కుటుంబం. ఆమెకు పదేళ్ళప్పుడు తండ్రి తెప్ప మీద వేటకు వెళ్ళి మళ్ళీ రాలేదు. అదే ఏడాది పత్రికలో అత్త రాసిన పన్నెండు భాగాల సీరియల్ వస్తోంది, అందులోనూ ఒక బెస్తపిల్ల తప్పిపోయిన తండ్రి కోసం రోజూ ఒడ్డున నిలబడి చూస్తుంది. పదకొండో భాగం చివర ముగింపు వచ్చే నెల అని ఉంది. బళ్ళో ఎవరో పిల్ల తెచ్చిన పత్రికలో చిన్నక్క అంతవరకే చదివింది, ఆ పైన బడి మానేసి అమ్మతో చేపల గంప ఎత్తుకుంది. మా ముప్ఫైమంది బైండుల్లో ఏ ఒక్కదానిలోనూ పన్నెండో భాగం లేదు. ప్రతి కలయికలోనూ ఆమె ఆ బెస్తపిల్ల గురించి అడిగేది ఒక్కటే, "ఆ గుంట నాన్న వచ్చినాడా, రానేదా?"

అటువంటిది, ఆమెకు గుండె ఆపరేషన్ అని, విశాఖపట్నంలో చేస్తారని కబురు వచ్చింది. ఆస్పత్రిలో చేరే ముందు కలయిక తన ఇంట్లోనే పెట్టమంది. అందరితో నవ్వుతూనే మాట్లాడింది గాని, నాతో ఫోనులో మాత్రం, "పోతే పోతాను గాని అప్పా, ఆ కత చివర్నేటయినాదో తెలీకుండా పోతానేటో" అంది. ఆమె నాకంటే ఏడాది పెద్దదే అయినా టీచరునని నన్ను అప్పా, అంటే అక్కా, అనేది. ఫోను పెట్టేసి, మధ్యాహ్నం భోజనాలయ్యాక కూర్చుని, లేచేసరికి పన్నెండో భాగం రాసేశాను. తండ్రిని ఒడ్డుకు తెచ్చేశాను. అత్త మాట ఎలా నడుస్తుందో మాకు కంఠతా వచ్చు కనుక రాయడం కష్టం కాలేదు, ఆ తర్వాత మోయడమే కష్టమైంది.

అమ్మ బైండు అట్ట ఊడదీస్తే, మైదా జిగురుకు అంటుకుపోయిన పేజీ దొరికిందని, నీళ్ళు చల్లి విడదీస్తూ నకలు రాసుకునేలోపే నుసి అయిపోయిందని చెప్పాను. పేజీ చూపించమని నన్నెవరూ అడగలేదు, అడిగే మనిషిని నేనే కదా! చిన్నక్క ఇంట్లో లేచి చదివాను. అందరూ కళ్ళు తుడుచుకుంటూ అతికింది అన్నారు. చిన్నక్క మాత్రం ఏమీ అనలేదు. కాగితం ఇమ్మని చెయ్యి చాపి, నాలుగు మడతలు పెట్టి రొంటిన దోపుకుంది. ఉద్వేగంతో మాట రాలేదనుకున్నాను. దానిని కబురు కాగితంలోనూ వేశాను.

ఆపరేషన్ చక్కగా జరిగింది, ఆమె కోలుకుంది. అమ్మయ్య అనుకునేలోగా నాకొక పోస్టుకార్డు వచ్చింది. ఎచ్చెర్లలో యూనివర్సిటీ హాస్టలులో చదువుకునే ఒకమ్మాయికి ఎవరో మా కాగితం చూపించారట, ఆ పిల్ల దాన్ని సెలవులకు ఇంటికి తీసుకెళ్ళి వాళ్ళమ్మమ్మకు ఇచ్చిందట. ఆ అమ్మమ్మే అత్త! ఎనభై దాటి, కూతురింట్లో, మాకు ఇరవై మైళ్ళ లోపునే ఉంది. నా కథ ముగింపు మీ నోట వినాలని ఉంది, మీరెప్పుడు కలుస్తారో చెబితే వస్తాను అని వంకర టింకర అక్షరాలతో రాసింది.

సంఘమంతా పండగ చేసుకుంది. కార్తీకమాసం కదా, రామతీర్థంలో వనభోజనాలు పెట్టి అత్తను అక్కడికే తీసుకొద్దామన్నారు. నేను మాత్రం ఆ పోస్టుకార్డును మళ్ళీ మళ్ళీ తిప్పి చదువుకున్నాను. ముగింపు ఎవరు రాశారో అత్తకు తెలియకుండా ఎలా ఉంటుంది? ఆవిడ నలుగురిలో ఇది నాది కాదంటే నా పరువు సంగతి అటుంచి, చిన్నక్క ఏమవుతుంది? అప్పుడప్పుడే తేరుకుంటున్న మనిషి, దాన్ని నమ్ముకుని కత్తి కిందకు వెళ్ళొచ్చిన మనిషి. జ్వరమని మానేద్దామనుకున్నాను. పెద్దన్నయ్యకు ముందే చెప్పేద్దామని రెండుసార్లు చెప్పులేసుకుని గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి వచ్చాను.

వెళ్ళక తప్పలేదు. అత్త కొండ ఎక్కలేదు కనుక కిందనే, తోటలో చాపలు పరిచి కుర్చీ వేశారు. ఇంత పిడికెడు మనిషి, తెల్ల చీర, దళసరి కళ్ళద్దాలు. ముప్ఫైమంది ముసలి పిల్లలం దండం పెడుతుంటే ఆమె నవ్వి, ఒరే అల్లుళ్ళూ, ఒసే కోడళ్ళూ అనేసరికి సాలూరు తమ్ముడంతటివాడు భోరుమన్నాడు. పులిహోరలయ్యాక, వాడుక ప్రకారం నన్ను లేచి చదవమన్నారు. చదివాను. ముగించాక అందరూ ఆమె నోటి వెంట అతికింది అన్న మాట కోసం చూస్తున్నారు, ఆమె నన్నే చూస్తోంది. ఇంక నా వల్ల కాలేదు. ఇది అత్త రాసింది కాదు, బైండులో ఏమీ దొరకలేదు, నేనే రాశాను, క్షమించండి అని ఏడ్చేశాను.

పెద్దన్నయ్య మొహం చూడలేకపోయాను. అప్పుడు అత్త తాపీగా అంది:

"నాకు తెల్దేటే? ఆ ఆకరి బాగం నానసలు రాయనే నేదు. పత్రిక ఆగిపోనాది. ఆగిపోతే, నిజం సెప్తన్నాను, అమ్మయ్య అనుకున్నాను. ఆడు వచ్చినాడని రాద్దామంటే సెయ్యి రాదు, రానేదని రాద్దామంటే మనసొప్పదు. ఎలాగో తెచ్చీసినావు కదే!"

ఊపిరి తీసుకున్నాను గాని సగమే, ఎందుకంటే నేను చిన్నక్క వైపు చూడవలసి ఉంది. చూస్తే, ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది.

"నాకెప్పుడో తెలిసిపోనాది. తెప్పంటే ఏటప్పా? దుంగలు తాడేసి కట్టిందే గదా. సందుల్లోంచి వచ్చిన నీరు సందుల్లోంచే పోతాది. దాన్లో నీరు తోడీడమేటి? సముద్రం ఒడ్డు మనిసి అలా రాస్తాదా? నువ్వు సదవగానే అనుకున్నాను, ఇది అత్త కాదు, మా టీచరమ్మని."

పొలాల మధ్య పుట్టి పెరిగి, తెప్పను దూరం నుంచి మాత్రమే చూసి, అదీ పడవలాగే గుంటగా ఉంటుందనుకున్న నా తెలివికి నేనే నోరు వెళ్ళబెట్టాను. లోకంలో అందరి తప్పులూ దిద్దేదాన్ని! మరి అప్పుడే ఎందుకు చెప్పలేదని అడిగాను. ఆమె నవ్వు ఆపి, రొంటిలోంచి నలిగిపోయిన ఆ కాగితం తీసింది. ఆపరేషన్ రోజున తలగడ కింద పెట్టుకున్నది అదేనని తర్వాత వాళ్ళ కోడలు చెప్పింది.

"సెప్తే నాన్న మళ్ళీ ఎలిపోడేటి?" అంది.

అందరికంటే ముందు అత్తే "అతికింది" అంది. ఆ వెనక ముప్ఫై గొంతులూ కలిసి కొండ కింద తోటంతా మోగించాయి. మూడు వారాలుగా గుండె మీద కూర్చున్న రాయి అంత సులువుగా లేచిపోతుందని నేననుకోలేదు. ఆ పూట రెండోసారి విస్తరి వేయించుకుని తిన్నాను. పెద్దన్నయ్య మాత్రం పెద్దన్నయ్యే, తర్వాతి కాగితంలో జరిగింది జరిగినట్టు రాయాలన్నారు, రాశాను. అత్త చిన్నక్క కాగితం అడిగి పుచ్చుకుని, నీళ్ళు తోడిన వాక్యాన్ని కలంతో కొట్టేసి, కింద 'అత్త' అని సంతకం పెట్టి ఇచ్చింది.

అత్త ఆ తర్వాత కొన్నేళ్ళే ఉంది. పెద్దన్నయ్యా వెళ్ళిపోయారు. కలయికలు ఫోను గ్రూపులోకి మారాయి, అక్కడ పొద్దున్నే పువ్వుల బొమ్మలు పెట్టుకుంటాము, అతికింది అనడానికి ఏమీ ఉండదు. కొట్టివేత లేని నా పాత కాగితమే ఎవరి చేతిలోనో పడి, ఫోటోలై, గొంతులై ఇప్పుడు ఊరూరా తిరుగుతోంది. ఇవాళ చిన్నక్కకు ఫోను చేసి చెబితే, తనకూ వచ్చిందట, మనవలకు వినిపించిందట. ఇప్పుడు ఒడ్డున ఉన్నవన్నీ ఇంజన్ల ఫైబరు బోట్లే, వాటిలో నీళ్ళు నిలుస్తాయి, తోడుతారు. పిల్లలు కథంతా విని బాగుందన్నారు గాని, నీళ్ళ దగ్గర ఒక్కరూ అడ్డు పడలేదని చెప్పింది. నా తప్పు ఎవరు పట్టుకుంటారోనని అప్పట్లో అంత భయపడ్డదాన్ని, ఈ కథ వినే వేలమందిలో ఒక్క పిల్లయినా లేచి, తెప్పలో నీళ్ళెలా నిలుస్తాయని అడిగితే బాగుండునని ఇప్పుడు ఫోను చేతిలో పట్టుకుని ఎదురు చూస్తున్నాను.